పెళ్లిళ్లు లేని వారం, ట్రైప్ దొర తీసిన ఊళ్లు

ఆషాఢం వచ్చిందంటే మాలాంటి పెళ్లి ఫోటోగ్రాఫర్లకి పని ఉండదు. తెనాలిలో స్టూడియో షట్టరు సగం దించేసి పాత హార్డ్ డిస్కులు సర్దుకుంటూ, డబ్బులు బాకీ ఉన్న పెళ్లివాళ్లకి ఫోన్లు చేసుకుంటూ గడిపేస్తాం. పోయినేడు అలాగే కూర్చుని ఒక ఆల్బమ్ కవర్ కోసం తంజావూరు గుడి పాత ఫోటోలు వెతుకుతుంటే లిన్నేయస్ ట్రైప్ అనే ఆయన తీసినవి కనపడ్డాయి. ఎవర్రా ఈయన అని చదివితే ఆయన స్టూడియో పెట్టుకున్న మనిషి కాదు, సిపాయి. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో, 12వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీలో ఆఫీసరు. 1822లో ఇంగ్లండులో డెవన్‌పోర్ట్‌లో పుట్టి టీనేజీలోనే ఇక్కడికొచ్చి సైన్యంలో చేరాడు. మధ్యలో సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు కెమెరా పట్టడం నేర్చుకుని, 1854లో బెంగుళూరుకి తిరిగొచ్చి, ఆ డిసెంబరులోనే హళేబీడు బేలూరు గుళ్లు తీసేశాడు. మర్నాడు పరేడ్ ఉందో లేదో మరి.

ఆ తర్వాత ఏం జరిగిందో దారిలో చెప్తా. ఈ ఆషాఢానికి ఆయన తీసిన ఫోటోలు పన్నెండు ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసుకుని, ఆ ఊళ్లు ఒక్కొక్కటే చూద్దామని బయల్దేరా. తోడుగా మా బావ. అక్క మొగుడు, మాధవరం మనిషి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అంటే ఇంటికో మిలటరీ మనిషి ఉంటాడంటారు కదా, అదే. హవల్దారుగా రిటైరయ్యాడు, మద్రాస్ రెజిమెంటు, ట్రైనింగు వెల్లింగ్టన్‌లో, కాబట్టి అరవం ఓ మోస్తరుగా వచ్చు. ఆయన వస్తానన్నది గుళ్ల కోసమో ఫోటోల కోసమో కాదు, మద్రాసు సైన్యం అన్నానని.

జులై 4, శుక్రవారం. చెన్నై

మొదటి రోజే దెబ్బ పడింది. నా ప్లానంతా ఎగ్మూరు మ్యూజియంతో మొదలు, అక్కడున్న మన అమరావతి రాళ్లని ట్రైప్ 1858లో ఫోటోలు తీశాడు, అవి చూసుకుని కిందికి దిగుదామని. పొద్దున్నే పోయి గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్ చెయ్యి అడ్డంగా ఊపి "వెళ్ళిక్కిళమై లీవు" అన్నాడు. శుక్రవారం మ్యూజియం ఉండదు. నెల్లాళ్లుగా ఫోకల్ లెంతులు లెక్కపెట్టుకున్నా గానీ ఇది చూసుకోలేదు. బావ ఏమీ అనలేదు, అంటే బాగుండేది. పక్క సందులో బండి దగ్గర పొంగలు వడ తినిపించాడు, ఇద్దరికీ 110 రూపాయలు, పొంగల్లో మిరియాలు దండిగా పడ్డాయి, ఆ వేడికి కోపం కొంచెం దిగింది.

"రెక్కీ సరిగ్గా చెయ్యకపోతే ఇంతేరా. రూటు తిప్పేద్దాం, ఇది చివర్లో పెట్టు" అన్నాడు. సరే అని మధ్యాహ్నానికే తిరుచ్చి దారి పట్టాం.

జులై 5. తిరుచ్చి, శ్రీరంగం

బావకి నాలుగున్నరకల్లా మెలకువ వస్తుంది, వచ్చాక పక్కవాణ్ణి పడుకోనివ్వడు. లాడ్జి గది 1,400, కిటికీలోంచి మలైకోట్టై కనపడుతుందని చెప్పి ఇచ్చారు, కనపడింది నిజమే, ఒక సెల్ టవర్ వెనకాల. అయినా ఆ కొండకి, కింద ఉన్న తెప్పకుళానికి ట్రైప్ తీసిన ఫోటో నా దగ్గర ఉంది. కాగితం పట్టుకుని కోనేటి చుట్టూ తిరిగా. అప్పట్లో కోనేరు, చుట్టూ ఇళ్లు, పైన కొండ. ఇప్పుడు కోనేటి చుట్టూ బట్టల షాపులు, స్టీలు సామాన్ల షాపులు, వాటి బోర్డులు. నేను కాగితం పైకెత్తి ఒక కన్ను మూసి వెనక్కీ ముందుకీ నడుస్తుంటే జ్యూస్ షాపాయన ఏదైనా సర్వేనా, రోడ్డు వెడల్పు చేస్తున్నారా అని భయంగా అడిగాడు. కాదని ఫోటో చూపిస్తే పక్క షాపాయన్ని పిలిచాడు, ఆయన ఇంకొకాయన్ని, అలా పది నిమిషాల్లో అరడజను మంది చేరి మా షాపు ఎక్కడ మా షాపు ఎక్కడ అని ఆ కాగితం మీద వేళ్లు పెట్టేశారు. కాగితానికి సపోటా జ్యూస్ మరక అయింది. ఉంచుకున్నా.

కొండకి నాలుగొందల పైచిలుకు మెట్లు. బావ ఆగకుండా ఎక్కేశాడు, నేను మూడు చోట్ల కూర్చున్నా, ఫోటోలు తీస్తున్నట్టు నటిస్తూ.

శ్రీరంగానికి ఆటో 250 అడిగాడు, 200కి ఒప్పుకున్నాడు, దిగాక బస్సుకి ఎంతో తెలిసి ఇద్దరం మాట్లాడుకోలేదు. శనివారం కావడంతో జనమే జనం. ట్రైప్ తీసిన శ్రీరంగం ఫోటోల్లో ఒక గేటు లోపలి మంటపం ఉంది, రాతి స్తంభాలు, వాటి నీడలు, అంతే. మనిషన్నవాడు లేడు. కాగితం నెగెటివు మీద ఒక ఫోటో పడాలంటే నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, ఆ టైములో నడిచిపోయినవాళ్లెవరూ దాని మీద మిగలరు. మనుషులు అసలు లేరా, లేక వచ్చి వెళ్లిపోయారా అన్నది ఫోటో చెప్పదు. నేను అక్కడ నిలబడ్డ అరగంటలో ఒక్క క్షణం కూడా ఫ్రేము ఖాళీగా లేదు.

దక్షిణం వైపు రాజగోపురం ట్రైప్ కాలానికి రాతి అడుగు వరకే కట్టి వదిలేసి ఉంది. 13 అంతస్తులుగా పైదాకా లేచింది 1987లో, అది కూడా అహోబిల మఠం జీయరు గారి పూనికతో. మన అహోబిలమే. అది చెప్తే బావ మెడ వెనక్కి విరిచి పై కలశాల దాకా చూసి "బిల్లు ఎవడు పెట్టాడో గానీ" అన్నాడు.

వీధి మూల కాఫీ 25 రూపాయలు. ఇక్కడివాళ్లు గ్లాసుకి మూతి తగలనివ్వరు, ఎత్తి పోసుకుంటారు, పొగలు కక్కే కాఫీ కూడా. బావ మామూలుగా చప్పరిస్తుంటే కాఫీ కలిపే పెద్దాయన చూసీ చూడనట్టు చూశాడు. బావ గమనించి, రెండో కాఫీ ఎత్తి పోసుకోబోయి చొక్కా మీద పోసుకున్నాడు. పెద్దాయన రెండోదానికి డబ్బులు తీసుకోలేదు.

జులై 6. తంజావూరు

ఈ రోజు కోసమే అసలు నేనొచ్చింది.

కథ ఇక్కడిదాకా ఎలా వచ్చిందంటే, హళేబీడు ఫోటోలకి 1855లో మద్రాసు ఎగ్జిబిషన్లో ట్రైప్‌కి మెడల్ వచ్చింది. అదే ఏడు బర్మా రాజు దగ్గరికి కంపెనీ ఒక రాయబారం పంపుతూ, బొమ్మలు గీసే ఆర్టిస్టుతో పాటు ఈ సిపాయిని కూడా ఫోటోలు తీయమని పంపింది. వానల్లో రెండొందలకి పైగా నెగెటివులు తీసుకొచ్చాడు. వాటిలో 120 ఏరి, యాభై సెట్లు ప్రింట్ వేశాడు. 6,000 ప్రింట్లండి, ఒక్కోటీ నెగెటివుకి ఆనించి ఎండలో పెట్టి తీయాల్సిందే. నేను ఒక పెళ్లికి రెండు ఆల్బమ్‌లు లేటయితే ఫోన్ ఎత్తను. అవి చూసి ఆయన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి గవర్నమెంటు ఫోటోగ్రాఫరుగా వేశారు. 1857 డిసెంబర్లో బెంగుళూరు నుంచి ఎద్దుబళ్ల మీద సామాను వేసుకుని దక్షిణాదికి బయల్దేరి, ఏప్రిల్ చివరి దాకా తిరిగాడు.

1857 డిసెంబర్. ఉత్తరాదిన తిరుగుబాటు ఇంకా ఆరలేదు. ఆ తర్వాత కొద్ది నెలలకే లక్నోకి ఫెలీచే బెయాటో అనే ఇంకో ఫోటోగ్రాఫరు పోయి సికందర్ బాగ్ ముందు మనుషుల ఎముకలు పడి ఉన్న ఫోటో తీశాడు. యుద్ధం ఫోటోలంటే అందరికీ అదే గుర్తొస్తుంది. యూనిఫారం వేసుకున్న ట్రైప్ మాత్రం ఇటు తిరిగి గుడి గోడలు తీసుకుంటున్నాడు. బావకి ఇది నచ్చలేదు. "బెటాలియన్లో మిగతావాళ్లు ఏమనుకునుంటార్రా, వీడికి మంచి పోస్టింగు పడిందనుకుని ఉంటారు" అన్నాడు. కాసేపాగి, "మంచి పోస్టింగే" అన్నాడు.

పెద్ద గుడి విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, దాని చుట్టూ అడుగున శాసనాలు. రాజరాజ చోళుడు కట్టించి 1010లో పూర్తిచేసిన గుడి, ఏ దేవుడికి ఏ నగ ఇచ్చారు, దీపానికి ఎన్ని గొర్రెలు, అన్నీ రాతి మీదే. గుడిలో ఆడటానికి తెచ్చిన 400 మంది అమ్మాయిలు, ఒక్కొక్కరికి ఇల్లు, ఏడాదికి 100 కలాల వడ్లు, ఏ ఊరి నుంచి వచ్చింది ఎవరు అని పేర్లతో సహా. ఈ అక్షరాల వరసని ట్రైప్ ఒక్క ఫోటోలో పట్టించలేకపోయాడు, ఎవడి వల్లా కాదు. అందుకని గోడ పొడుగునా కెమెరా జరుపుకుంటూ ముక్క ముక్కగా తీసి 21 ప్రింట్లు ఒకదానికొకటి అతికించాడు. అతికిస్తే 19 అడుగుల ఫోటో అయింది.

ఇది పనోరమా అనుకుంటారు అందరూ, ఫోన్ పట్టుకుని గిర్రున తిరిగితే వచ్చేది. అది కాదు. నిలబడ్డచోటే తిరిగితే గోడ విల్లులా వంగిపోయి కనపడుతుంది, పక్కనున్న అక్షరాలు పలచబడిపోతాయి. ఈయన గోడకి అదే దూరంలో, అదే ఎత్తులో, కెమెరా కాళ్లు పీకి పక్కకి జరిపి మళ్లీ పాతి, అలా పోయాడన్నమాట. మధ్యలో ఎండ జరిగిపోతుంది, చెక్కిన అక్షరం చదవాలంటే పక్క నుంచి వచ్చే వెలుగు కావాలి, ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదు. నేను బావని గోడ దగ్గర నిలబెట్టి, గొడుగుతో దూరం కొలుచుకుంటూ, ఒక్కో అడుగు జరిగి తీద్దామని ట్రైపాడ్ విప్పానో లేదో విజిలు. గార్డు వచ్చి ట్రైపాడ్‌కి పర్మిషన్ లెటరు కావాలన్నాడు. లేదన్నా. మడిచేయమన్నాడు. తప్పు నాదే, అడిగి ఉండాల్సింది. చేత్తోనే తీశా, బావ భుజాన్ని స్టాండుగా వాడుకుని. 21 తీశా. రాత్రి లాడ్జిలో లాప్‌టాప్‌లో అతికిస్తే ఏడో ముక్కకీ ఎనిమిదో ముక్కకీ మధ్య ఒక అక్షరం రెండుసార్లు వచ్చింది, పన్నెండు దగ్గర గోడ మెట్టులా దిగిపోయింది, పధ్నాలుగులో ఒక పాప ఐస్‌క్రీమ్ తింటూ దూరింది. నా కెమెరా ఖరీదు మీకు చెప్పను.

బావకి ఆ స్క్రీన్ చూపిస్తే ఆయన పర్సులోంచి ఒక ఫోటో తీశాడు. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చూపించలేదు. వెల్లింగ్టన్లో ట్రైనింగు అయ్యాక తీసిన గ్రూప్ ఫోటో, చిన్న కాపీ, అంచులు నలిగిపోయాయి. మూడో వరస, ఎడమ నుంచి ఆరోవాడు. ముందున్నవాడి టోపీ అడ్డమొచ్చి బావ మొహంలో ఒక కన్ను, ఒక చెవి మాత్రం పడ్డాయి. "ఫోటో తీసినోడు ఇంకో అరడుగు పక్కకి జరిగుంటే సరిపోయేది" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు, నేను తీసిన గ్రూపు ఫోటోల్లో ఎంతమంది చెవులు ఉన్నాయో.

భోజనం గురించి చెప్పలేదు కదా. అరిటాకు మీద మీల్స్ 130. సాంబారు ఈ ఊళ్లోనే మరాఠా రాజుల వంటింట్లో పుట్టిందని ఒక కథ ఉంది, వడ్డించే కుర్రాడు కూడా అదే చెప్పాడు. వత్తకుళంబు మాత్రం అదిరింది, చింతపులుపు, ఎండబెట్టిన సుండక్కాయలు. బావ సంచిలోంచి ఆవకాయ సీసా తీసి ఒక ముద్ద పక్కన పెట్టుకుంటే ఆ కుర్రాడు అడిగి మరీ రుచి చూశాడు, కళ్లల్లో నీళ్లొచ్చాయి, అయినా ఇంకొంచెం అడిగాడు.

జులై 7. తిరువైయారు

ట్రైప్ ఆల్బమ్‌ల్లో ఒకదాని పేరు తంజావూరు, త్రివాడి. ఈ త్రివాడి ఏంటా అని చాలా రోజులు బుర్ర గోక్కున్నా. తిరువైయారే. తంజావూరు నుంచి 13 కిలోమీటర్లు, త్యాగరాజ స్వామి ఊరు! అయ్యవారు పోయింది 1847 జనవరిలో, ట్రైప్ వచ్చింది 1858లో. పదకొండేళ్లు. కెమెరా మోసుకుని గుడి ఫోటో తీసుకుంటున్న ఆ దొరకి, స్వామి పాట ఆయన నోటనే విన్న శిష్యులు పక్క వీధిలోనే ఉండి ఉండచ్చన్న సంగతి తెలిసే దారే లేదు. ఆయనకిచ్చిన ఆర్డరు కట్టడాలు తీయమని.

బస్సు దిగి తప్పు సందులోకి పోయాం. కావేరి ఎటు అని అడిగితే ఒకావిడ ఇంటి ముందు అరుగు మీద వత్తులు చేసుకుంటూ, మా ఇద్దరి మాట విని తెలుగులోనే "సమాధికి పొయ్యేదానికా? ఇటు కాదు, వెనకతట్టు పోవల్ల" అంది. యాస వేరేగా ఉంది, కానీ తెలుగే. ఎన్ని తరాలయిందమ్మా ఇక్కడికొచ్చి అంటే చేత్తో వెనక్కి, ఇంకా వెనక్కి అన్నట్టు చూపించింది. "మాట్లాడేదే, సదివేదానికి రాదు" అంది. మంచినీళ్లిచ్చింది, గ్లాసు కాదు చెంబు, ఈసారి బావ ఎత్తి పోసుకున్నాడు, చొక్కా తడవకుండా.

సమాధి మంటపం దగ్గర మధ్యాహ్నం ఎవ్వరూ లేరు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు తన సొత్తంతా పెట్టి కట్టించింది అది. పక్కనే కావేరి నిండా నీళ్లు, మెట్టూరు డ్యామ్ నుంచి జూన్లో వదులుతారు కదా. కుర్రాళ్లు దూకుతున్నారు. నేను కెమెరా తీయలేదు. బద్ధకమో మరేదో.

ఇక్కడ అశోకా హల్వా అని పెసరపప్పుతో చేస్తారు, నెయ్యిలో మునిగి ఉంటుంది, చిన్న ఆకు మీద పెట్టి ఇస్తారు, 40 రూపాయలు. బావ కిలో కట్టించాడు. మా అక్కకి సుగర్ ఉంది అని గుర్తుచేశా. అక్కకి కాదు అన్నాడు.

జులై 8. మదురై

దారిలో పుదుక్కోట్టైలో ఆగాం గానీ ఎండ, ఆకలి, రెండూ కలిసి అక్కడ ఏం చూశానో సరిగ్గా చెప్పలేను. ట్రైప్‌కి ఈ ఊరికీ ఒక ఆల్బమ్ ఉంది, ఆయన ఓపిక ఆయనది.

మదురైలో మొదట వెతికింది బ్లాక్‌బర్న్ దీపస్తంభం. ఆ కలెక్టరు ఊరి చుట్టూ ఉన్న పాత కోట గోడలు కొట్టించి, కందకం పూడ్పించి వీధులు వేయించాడు, ఆయన పేరున పెట్టిన స్తంభాన్ని ట్రైప్ తీశాడు. బ్లాక్‌బర్న్ ఎక్కడ అని ముగ్గురు ఆటోవాళ్లని అడిగితే ఒకాయన హాస్పిటల్‌కి తీసుకెళ్తానన్నాడు, ఎవరో డాక్టరనుకున్నాడు. చివరికి కాజాలు కుడుతున్న ఒక టైలరు కాగితం తీసుకుని కళ్లద్దాలు పైకి తోసి చూసి "ఇదు విలక్కుత్తూణ్ అణ్ణే" అన్నాడు, అరవంలో దీపస్తంభమని. అప్పటికే మేం దాని పక్క నుంచి రెండుసార్లు పోయాం. ఇప్పుడది బజారు మధ్యలో, తోపుడు బళ్లు, చీరల మూటలు, హారన్లు. దొర పేరు ఎవరికీ అక్కర్లేదు, దీపం పేరు మిగిలింది.

తిరుమల నాయకుడి మహలుకి పోయాం. 1636లో కట్టించాడు, ఇంట్లో తెలుగు మాట్లాడే రాజు మదురైని ఏలాడు. స్తంభాన్ని మేం ఇద్దరం చేతులు చాపి పట్టుకుందామనుకుంటే అందలేదు. ట్రైప్ తీసినప్పుడు ఇది శిథిలం, కప్పు మీద చెట్లు, తర్వాత నేపియర్ గవర్నరుగా ఉన్నప్పుడు బాగుచేయించారు. నా చేతిలో కాగితంలో పాడుబడ్డ మహలు, ఎదురుగా సున్నం వేసి రంగు పూసిన మహలు. ఫోటోగ్రాఫరుగా చెప్తున్నా, పాడుబడ్డదే బాగుంది. బావ మాత్రం ఇంటి కప్పు కారితే తెలుస్తుంది నీకు అన్నాడు.

మీనాక్షమ్మ గుడిలోకి ఫోన్లూ కెమెరాలూ రానివ్వరు, 2018 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం అయినప్పటి నుంచి. దాంతో చేతులూపుకుంటూ తిరిగా, చాలా ఏళ్ల తర్వాత ఒక గుడిని కళ్లతో చూశా. బయట పుదుమంటపంలోనే ట్రైప్ ఫోటోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పొడుగ్గా లోపలికి పోయే స్తంభాల వరస, ఒక పక్క నుంచి వెలుగు. ఆ స్తంభాల మధ్యే మిషన్లు పెట్టుకుని టైలర్లు చాలా కాలం బతికారు, ఇప్పుడు వాళ్లని ఖాళీ చేయించారు. విలక్కుత్తూణ్ చెప్పిన టైలరు కూడా అక్కడివాడేనేమోనని బావ అన్నాడు, అడగలేదు మేం.

రాత్రి జిగర్‌తండా 50, పరోటా సాల్నా ఇద్దరికీ 180. పరోటా రాయి మీద రెండు కత్తులతో కొడుతుంటే తాళం వేసినట్టు ఉంటుంది. కారం ఉంది, మొత్తానికి ఒక చోట గుంటూరు మనిషికి సరిపడా కారం దొరికింది.

జులై 9. యానైమలై

ఊరి బయట ఏనుగు పడుకున్నట్టుండే కొండ. ట్రైప్ దీన్ని చివరి వైపు నుంచి తీశాడు, ఎలిఫెంట్ రాక్ ఎండ్ వ్యూ అని పేరు పెట్టాడు. నల్లగా ఒకటే రాయి ముద్ద, కింద మైదానం, అంతే ఫోటో. కొండ చివర నుంచి చూస్తే ఏనుగులా ఉండదండి, అది తెలిసీ ఆయన అక్కడి నుంచే తీశాడు. ఎందుకో నాకు అక్కడికి వెళ్లాకే అర్థమైంది. పక్క నుంచి చూస్తే అందరం ఏనుగునే చూస్తాం. చివర నుంచి చూస్తే రాయి కనపడుతుంది.

ఆటో ఆయన ముందు నరసింగం గుడి దగ్గర దింపాడు, కొండని తొలిచి కట్టిన గుడి, బావ దణ్ణం పెట్టుకున్నాడు. ఇక్కడ కాదు అంటే ఒత్తక్కడై వైపు, అక్కడా కాదంటే వ్యవసాయ కాలేజీ వైపు, అలా రెండు గంటలు. మీటరు లేదు, చివరికి 700 తీసుకున్నాడు. ఆయనకే పట్టుదల ఎక్కువైంది, ఆటో ఆపి నా కాగితం లాక్కుని ఇలా అలా తిప్పి, ఒక కొబ్బరి తోట గట్టు ఎక్కి "ఇంగె వాంగ, ఇంగె" అని కేకేశాడు. సరిగ్గా కుదరలేదు, కరెంటు తీగలు అడ్డం. కానీ దగ్గరికొచ్చింది. ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంది.

ఆకాశం సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో నెగెటివు మీద నీలం ఆకాశం సరిగ్గా రాదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. ట్రైప్ ఏం చేసేవాడంటే కాగితం నెగెటివు మీద రంగు పూసి ఆకాశం శుభ్రం చేసేవాడు, కొన్నిటికి కుంచెతో మబ్బులు పెట్టేవాడు, చెట్లకి ఆకులు కూడా దిద్దేవాడు. సర్కారు రికార్డు కోసం తీసే ఫోటోల్లో! ఇది చదివినప్పుడు నాకు భలే ధైర్యం వచ్చింది, తెనాలి కల్యాణ మంటపం వెనక సాయంత్రం ఎర్ర మబ్బులు అతికించానని ఒక పెళ్లికొడుకు తండ్రి నన్ను దులిపేశాడు లెండి.

జులై 10. మళ్లీ చెన్నై

రాత్రి రైలెక్కి పొద్దున ఎగ్మూరులో దిగి గురువారమేనా అని ఇద్దరం రెండుసార్లు చూసుకుని మ్యూజియానికి నడిచిపోయాం.

ఈ అమరావతి రాళ్లు మా ఊరికి దగ్గరివి. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే స్తూపం దగ్గర మిగిలింది ఒక మట్టిదిబ్బ, కొన్ని రాళ్లు. గుంటూరులో ఉద్యోగం చేసిన వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకి పంపించాడు. పాలరాయి అంటారు గానీ పల్నాటి సున్నపురాయి. 1858లో ట్రైప్ వాటిని ఫోటో తీశాడు, ఆ మరుసటేడే 121 రాళ్లు ఓడెక్కి లండన్ పోయాయి. అంటే ఇక్కడి నేల మీద ఉండగా వాటికి తీసిన ఆఖరి ఫోటోలు ఇంచుమించు అవే. లండన్లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయిప్పుడు. మిగిలినవీ, తర్వాత తవ్వినవాటిలో కొన్నీ ఇక్కడ.

ఇక ట్రైప్ ఉద్యోగం. ఆల్బమ్‌లు తొమ్మిది 1858లో బయటికొచ్చాయి. 1859లో మద్రాసుకి ట్రెవెల్యన్ అనే కొత్త గవర్నరు వచ్చాడు. తిరుగుబాటు ఖర్చులు మీద పడి ఖజానా ఖాళీ, ఉన్న పరిస్థితికి ఫోటోగ్రఫీ మరీ విలాసం అని ఆ ఫోటో డిపార్టుమెంటు మూసేశాడు. అంతే, ట్రైప్ తిరిగి సైన్యం డ్యూటీకి పోయాడు. ఇంకో పదేళ్ల తర్వాత బర్మాలో తౌంగూలో ఉన్నప్పుడు కొన్ని తీశాడు, అవీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1902లో పుట్టిన ఊళ్లోనే పోయాడు. ముప్పై ఏళ్లకి పైగా సర్వీసు, అందులో కెమెరా చేతిలో ఉన్నది గట్టిగా ఆరేళ్లు. బావ ఇది విని "పెన్షను ఫుల్లు వచ్చుంటుందా?" అని అడిగాడు. వచ్చే ఉంటుందన్నా.

ఆయన దగ్గర ప్రింట్లు వేసిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు, సి. అయ్యసామి. దొర దగ్గరే పని నేర్చుకుని, ఇది మూతపడ్డాక మద్రాసులో స్కూల్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఆర్ట్స్‌లో ఫోటోగ్రఫీ నేర్పాడు. నాకు ట్రైప్ కన్నా ఈయన గురించే ఎక్కువ తెలుసుకోవాలని ఉంది. ఎండలో నిలబడి ప్రింట్ ఎప్పుడు తీయాలో కళ్లతో చూసి చెప్పే పని ఈయనదే కదా, అది మిషను చెప్పదు. మా స్టూడియో కుర్రాడు మొన్న ఆల్బమ్ చివర తన పేరు కూడా వేయమని అడిగాడు, చూద్దాంలే అన్నా.

రాళ్ల ముందు గంటన్నర ఉన్నాం. బుద్ధుడి కథలు, ఏనుగులు, రాజులు, ఒక్కో పలకలో కిక్కిరిసి మనుషులు, ఊపిరాడనంత. నేను వెలుగు ఎటునుంచి పడుతుందో చూసుకుంటుంటే బావ ఒక పలక ముందు కదలకుండా నిలబడ్డాడు. దగ్గరికెళ్తే వేలు తగలకుండా చూపించాడు. గుంపులో వెనక వరస, అంచున, ముందున్నవాడి తలపాగా చాటున ఒకడు. ఒక కన్ను, ఒక చెవి.

"వీణ్ణి తియ్యరా" అన్నాడు. "దగ్గరగా తియ్యి."